ఆ మనిషిని తీసేయండి

హలో… ఆ, నేనే. హాల్వర్‌నే. చెప్పు ఓడ్‌వార్ బావా.

…లేదులే, ఖాళీగానే ఉన్నా. ఒక్కణ్ణే కూర్చుని కాఫీ తాగుతున్నా. నీ చెల్లెలు బెరిత్ ఉన్ని కొనుక్కొస్తానని పొద్దున్నే బయల్దేరింది.

…మన ఫొటోల గ్రూపు సంగతా? మళ్లీ నా మీద ఫిర్యాదా? ఈసారి ఎవరంట?

…నిన్నటి ఫొటోనా. ఎర్రటి ఆకాశం, కింద మంచు, అదేగా. ఆ, కామెంటు రాశాను. అందులో తప్పేముంది? …చదువు, విందాం.

…ఊఁ. 'ఆకాశానికి ఇంత ఎరుపు ఎక్కణ్ణుంచి వచ్చింది, రంగు దట్టించింది చాలు.' అవును, రాశాను. …'ఇది ఫొటోనా, పెళ్లిలో కోసే కేకా?' …అదీ నేనే. సరదాగా అన్నానయ్యా.

…బావా, ఆ రూలు నాకు చెప్పకు. ముందొక మంచి మాట, ఆ తర్వాతే లోపం. నువ్వు ఆ రూలు రాస్తుంటే పక్కన కూర్చున్నది నేనే. కానీ మంచి లేనిచోట ఎక్కణ్ణుంచి తెచ్చి రాయను? మన ఉత్తరపు దీవిలో 'ఫరవాలేదు' అంటే చాలు, వారం రోజులు మురిసిపోతారు. దక్షిణాది పట్నాల వాళ్లు గ్రూపులో చేరాక అడుగడుక్కీ చప్పట్లు కొట్టాలి. ముఖస్తుతి నా వల్ల కాదు.

…ఏంటి? రంగే వెయ్యలేదా? …కెమెరాలోంచి వచ్చింది వచ్చినట్టే పెట్టారా? అందరూ అలాగే చెప్తారులే.

…అసలు ఫైలు నువ్వు చూశావా. …ఏమీ ముట్టుకోలేదా.

…అలాగా.

సరే, పొరపాటు పడ్డాను. రాత్రి ఆకాశంలో ఆకుపచ్చ ధ్రువకాంతి అంటే చలికాలం పొడుగునా చూస్తూనే ఉంటాం. అంత ఎరుపు నా జన్మలో చూడలేదు మరి. …మొన్న శనివారమా? ఎక్కడ? …బ్లైక్ తీరంలోనా? శనివారం మేమూ అక్కడే ఉన్నాం కదా. బండి ఆపమని బెరిత్ ప్రాణం తోడేస్తే ఆపాను.

…చూళ్లేదు బావా. గ్రూపులో ఫొటోలు పేరుకుపోయాయి, వాటికి కామెంట్లు రాస్తూ నిలబడ్డాను. పైకి చూడు, పైకి చూడు అని ఒకటే గోల. ఒక్క నిమిషం అన్నాను. ఈలోగా మబ్బు కమ్మేసింది.

…ఇంకేం రాశాను? …ఆ, అది మాత్రం మంచి సలహా. అంచున ఒకడు వీపు తిప్పుకుని, తలకాయ ఫోన్‌లో దూర్చి నిలబడ్డాడు. నెత్తిమీద ఆకాశం మండిపోతుంటే వాడికి చీమ కుట్టినట్టయినా లేదు. 'ఆ దిష్టిబొమ్మను తీసేయండి, ఫొటో బాగుపడుతుంది' అన్నాను. ఇప్పటికీ అదే అంటాను. …ఎందుకు నవ్వుతున్నావు?

…ఏ జాకెట్టు? …నీలం జాకెట్టు ఈ దీవిలో సగం మందికి ఉంటుంది బావా. …టోపీయా? టోపీకేమైంది?

…బెరిత్ అల్లిన టోపీ.

…ఆగు. ఒక్క క్షణం ఆగు.

…ఆ ఫొటో పెట్టింది తనేనా? వేరే పేరుతో గ్రూపులో చేరిందా? ఎప్పట్నుంచి? …మరి నాకెందుకు చెప్పలేదు? …నాకు చూపించేదా? …ఆ, చూపించేది. తర్వాత చూస్తాలే అనేవాణ్ణి. …గ్రూపులో పెడితేనైనా చూస్తాననా. …అలా అందా నీతో.

…ఇప్పుడు నీ దగ్గరుందా? ఉన్ని కొనడానికని కదా వెళ్లింది. …బ్యాగుతో వచ్చిందా? …చిన్నదేనా? …పెద్దదే.

…చూడు, ఆ కామెంటు ఇప్పుడే తీసేస్తాను. …వద్దా? ఏం, ఎందుకు? …నా సలహా పాటించిందా? ఏ సలహా? …ఉండు, తెరుస్తున్నాను… తిరుగుతోంది… ఆ, వచ్చింది.

…

…ఉన్నాను బావా, లైన్‌లోనే ఉన్నాను. ఫొటోలో లేను.

…అవును, శుభ్రంగా తీసేసింది. అడుగుల గుర్తులు కూడా లేవు. మంచు ఎక్కడ అతికించిందో నాక్కూడా తెలియట్లేదు. కింద 'హాల్వర్ గారి సలహాకు ధన్యవాదాలు' అని రాసింది. అందరూ తెగ మెచ్చుకుంటున్నారు. 'ఇప్పుడు ఫొటోకి ఊపిరాడుతోంది' అని ఎవడో రాశాడు.

…కోపం కాదు బావా. భయంగా ఉంది నాకు. తనకోసారి ఫోన్ ఇవ్వు. …మాట్లాడనందా. సరే, నువ్వే అడుగు. నేనున్న ఫొటో దాచిందా, పారేసిందా? అదొక్కటీ అడిగి చెప్పు. …బతిమాలుకుంటున్నా బావా, అడుగు.

…ఏమంది?

…ముందు నేను చెప్పాలా? ఏం చెప్పాలి? …రెంటిలో ఏది బాగుందనా?

…అబద్ధం ఎలా చెప్పను? ఫొటోగా చూస్తే కొత్తదే బాగుంది. పాతదానిలో చూపంతా ఆ మూలకే పోతుంది, ఆకాశం మీద నిలవదు. …ఆ, ఎవరినడిగినా అదే చెప్తారు. …ఏయ్, ఈ మాట తనతో అనకు. నీకు చెప్పానంతే.

…స్పీకరు పెట్టావా?

…బెరిత్? బెరిత్, విను… ఫొటో సంగతి వేరు, నా సంగతి వేరు. నాకు పాతదే కావాలి. అందులో నేను… హలో… బెరిత్… హలో…