తలమీద ట్యాంకు

కార్వార్ రేవు నుంచి తను తెచ్చిన పాత తెరచాప పడవ కప్పు మీద నల్లటి నీళ్ల ట్యాంకు కనబడగానే, తమ్ముడి లారీ రిపేరు షెడ్డులోకి అడుగుపెట్టిన అక్కకు ఒళ్లు మండిపోయింది.

"ఏందప్పా ఇది?"

"పైనుంటే పంపు అక్కర్లేదక్కా. మన మిద్దె మీద లేదా?"

"మిద్దె ఊగదు. సముద్రంలో గాలి కొడితే ఈ బరువుకు పడవ తిరగబడతాది. బ్యాటరీలు యాడ?"

"లారీకి మాదిరే, అన్నీ ఒక పక్కనే బిగించినా."

"లారీ కింద రోడ్డుంటాది. దీని కింద నీళ్లుంటాయి. బరువంతా అడుగున, నడిమధ్యన ఉండాల. ఒక్క మాట అడిగింటే చెప్తాంటి గదా."

తమ్ముడు చేతిలోని స్పానర్‌ను గుడ్డతో తుడిచాడు.

"అడిగితే, నువ్వు ఒక్కదానివే సముద్రంలోకి పోయేదానికి నేను ఒప్పుకున్నట్టయితాది."

"ఒప్పుకోవద్దులే. ఆ బోల్టులు ఇప్పు."