మిషన్ ఆగిన చోటు

అక్క కుట్టుమిషన్ పక్కన మైకు పెట్టి, ర్యాప్ పాడే తమ్ముడు గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"కాలుగాలిన పిల్లిలా తిరక్కు. కూర్చోరా."

"ఎలా కూర్చోమంటావక్కా? రేపు అవార్డు తీసుకుని, స్టేజీ మీద నా మొదటి పాట పాడాలి. కంప్యూటర్లో చోటు చాలక విడిగా దాచుకున్న దాని బీటు నేనే చెరిపేశా. అదంతా నీ మిషన్ చప్పుడేగా."

"మూడు ఆల్బమ్‌లు చేశావు, పది సినిమాలకు సంగీతమిచ్చావు. ఆ చప్పుడు నువ్వే చేసుకోలేవా?"

"వారం నుంచి చేస్తున్నా, రావట్లేదు. తొక్కు."

"తొక్కుతున్నాగా. అదే మిషను, అదే కాలు."

"కాదక్కా. ఆ పాత బీటులో మధ్యమధ్య చప్పుడు ఉన్నట్టుండి ఆగుతుంది. జనం ఈలలేసింది అక్కడే. పేపర్లవాళ్ళు పొగిడిందీ దాన్నే. నువ్వు ఆపట్లేదు."

"అసలు అది ఏ రోజు రికార్డు చేశావురా?"

"జ్వరమొచ్చి స్కూలు మానేసినప్పుడు. పక్కగదిలో పడుకుని, నీ ఫోన్లో."

"అదా! నువ్వు మూలుగుతున్నావేమోనని మిషన్ ఆపి వినేదాన్ని."

"ఇప్పుడెలా అక్కా?"

"వెళ్ళి ఆ గదిలో పడుకో. నోరెత్తకు. కాలు దానంతటదే ఆగుతుంది."