ఇల్లు కారు మీద ఉన్నప్పుడు

ఎవరు చెప్పారు నీ కూతురికి? నువ్వేగా? ఇటు చూడు చిన్నీ. గోడ వైపు తిరిగి పడుకుంటే వదిలేస్తాననుకున్నావా?

నోరు తెరవకు, ఆయాసం వస్తుంది. తల ఊపు, చాలు. అవునంటే అవును, కాదంటే కాదు.

కాదా! మరి నిన్న మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది మనిద్దరమేగా? నేను చెప్పలేదు. నువ్వు చెప్పలేదు. నీ కూతురేమో ఆఫీసులో ఉంది. ఇందాక ఫోను చేసి, "పెద్దమ్మా, నిన్న కరెంటు లేనప్పుడు నీళ్ళ హీటరు ఎవరు వేశారు?" అని అడుగుతుందా! పలకరింపు లేదు, తిన్నావా అని లేదు. పోలీసులా అడిగింది. నేనేమన్నాను? "హీటరా? ఏ హీటరు?" అన్నాను. ఇంకేమనను చెప్పు?

మొదట పై వాటావిడ చెప్పి ఉంటుందనుకున్నాను. కరెంటు పోతే చాలు, ఫోను పట్టుకుని దిగిపోతుంది, "మీకేం పిన్నిగారూ, మీకు కారుంది" అంటూ. చార్జింగు పెట్టుకునే వంకతో మన వంటింట్లో ఏం ఉడుకుతోందో కూడా చూసి పోతుంది. కానీ నిన్న ఆవిడ ఊళ్ళోనే లేదట. తలుపుకి తాళం ఉంది. మోకాళ్ళు పట్టుకుని మెట్లన్నీ ఎక్కి, నేనే చూసొచ్చాను.

ఇక మిగిలిందెవరు? అదిగో, కిటికీలోంచి చూడు. వాకిట్లో తెల్లగా, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది.

నవ్వకు! నవ్వితే దగ్గొస్తుంది నీకు. నిజమే చెబుతున్నాను. కారే చెప్పింది. ఇంట్లోకి ఎంత కరెంటు ఇస్తోందో, ఎప్పుడు ఆపేసిందో, ఎందుకు ఆపేసిందో అన్నీ నీ కూతురి ఫోనుకి చేరవేస్తుందట. కారుతో వచ్చిన పుస్తకం భూతద్దం పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఈ ఇంట్లో అది చదివింది నేనొక్కదాన్నే. అందులో ఉంది ఆ ముక్క. అప్పుడు పట్టించుకోలేదు. పట్టించుకుని మర్చిపోయానో ఏమో.

అసలు నాకు ముందే అనుమానం రావాల్సింది. బ్యాటరీ కారు కొనుక్కుని రోజూ బస్సులో వెళ్ళే మనిషిని ఎక్కడైనా చూశావా? "అమ్మకి ఆక్సిజన్ మెషీన్ ఆగకూడదు పెద్దమ్మా. కరెంటు పోయినా కారు ఇంటికి కరెంటిస్తుంది. అందుకే దాన్ని ఇంట్లోనే ఉంచి వెళ్తున్నాను" అంది. ఎంత మంచి పిల్ల అని నేను కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాను. ఇప్పుడనిపిస్తోంది, కారుని కరెంటు కోసం పెట్టిందా, నా మీద కాపలాకి పెట్టిందా?

కారుని ఇంటికి కలపడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ కూడా నీ కూతురి మనిషే. మీటరు పక్కన ఏదో పెట్టె బిగించి, హాల్లో ఎర్ర బల్బు పెట్టి, చంటిపిల్లకి చెప్పినట్టు చెప్పాడు నాకు. "బామ్మగారూ, ఎర్ర బల్బు వెలిగిందంటే ఇల్లు కారు మీద ఉన్నట్టు. ఇల్లు కారు మీద ఉన్నప్పుడు హీటరు వద్దు, ఇస్త్రీ పెట్టె వద్దు, నీళ్ళ మోటారు వద్దు. మెషీన్, ఫ్యాను, లైటు, ఫ్రిజ్, అంతే. ఎక్కువ లాగితే కారు టక్కున ఆపేస్తుంది." చెప్పి ఊరుకోలేదు, నా చేత అప్పజెప్పించాడు కూడా. తప్పు లేకుండా అప్పజెప్పాను. ఇప్పుడడిగినా చెప్పగలను. అయినా ఇద్దరూ మొహాలు చూసుకున్నారు, వాడూ నీ కూతురూ. నేను చూడలేదనుకున్నారు.

నిన్న మొదట ఎంత బాగా నడిచింది! కరెంటు పోయింది, ఎర్ర బల్బు వెలిగింది, నీ మెషీన్ పాటికది బుసబుసలాడుతూనే ఉంది. నేను నీకు కథ చదివి వినిపిస్తున్నాను. నువ్వేమో అందులోని మొగుడి క్యారెక్టరు మంచిది కాదని కళ్ళతోనే చెబుతున్నావు. అంతలో టక్కుమని అన్నీ ఆగిపోయాయి. హీటరు లాగుతూ ఉండగానే ఫ్రిజ్ మోటారు కూడా అందుకుంది కాబోలు. మెషీన్ కీచుమని అరవడం మొదలెట్టింది. నీ పెదాలేమో...

వద్దులే. చూసింది చాలు.

మరి మంచం పక్కనున్న ఆక్సిజన్ సిలిండరు తిప్పిందెవరు? నేను కాదూ? కంగారు పడ్డానా? ఎటు తిప్పాలో మర్చిపోయానా? లేదే! నీ ముక్కు గొట్టం మెషీన్ నుంచి తీసి దానికి తగిలించి, మీటరు ముల్లు లేచిందో లేదో చూసి, కరెంటు వచ్చేదాకా నీ వీపు రాస్తూ కూర్చున్నాను. ఆ సంగతి కారు చెప్పదేం నీ కూతురికి? చెప్పదు. నా తప్పులైతేనే చెబుతుంది.

కరెంటు వచ్చాక వంటింట్లోకి వెళ్తే హీటరు స్విచ్చి వేసి ఉంది. చప్పుడు చెయ్యకుండా ఆపేశాను. నీకు చెప్పలేదు. నువ్వూ అడగలేదు.

ఇందాక ఇంకో మాట కూడా అంది నీ కూతురు. నీకు చెప్పలేదు. "నీకు గుర్తుండట్లేదు పెద్దమ్మా. పగలు నర్సును పెడతాను. నిన్ను మావయ్య ఇంట్లో దింపుతాను, హాయిగా విశ్రాంతి తీసుకుందువుగాని" అంది. విశ్రాంతట! తమ్ముడింట్లో టీవీ ముందు కుర్చీ వేసి కూర్చోబెడతారు. వాళ్ళంతా మంచివాళ్ళే, నేను కాదనను. కానీ చిన్నీ, నాకు పొద్దు తెలిసేది నీ మందుల్ని బట్టి. తెల్లమాత్ర వేశానంటే టిఫిను అయినట్టు, చుక్కలు వేశానంటే సాయంత్రం అయినట్టు. అక్కడ ఏం పట్టుకుని నిలబడను?

ఏమిటా సైగ? గుండె మీద వేలు పెడతావేం? నొప్పా? కాదా? మరి?

నువ్వా? హీటరు వేసింది నువ్వా?

ఓసి నీ దుంపతెగ! నేను ఇంతసేపూ నోరు లేని కారునీ, వాకిట్లోకి మళ్ళీ రాని ఎలక్ట్రీషియన్నీ ఆడిపోసుకుంటుంటే హాయిగా వింటూ పడుకున్నావా? నిన్నటి నుంచి ముద్ద దిగలేదే నాకు! ఉండు, నీ కూతురికి ఇప్పుడే చెబుతాను, "ఇదంతా మీ అమ్మ నిర్వాకమే తల్లీ" అని. ఫోను ఎక్కడ పెట్టానూ... చేతిలోనే ఉంది.

ఆగు.

బాత్రూము హీటరు స్విచ్చి వంటింట్లో కదా ఉంది, ఫ్రిజ్ వెనక గోడకి. నీ గొట్టం వంటింటి గడప దాకా కూడా రాదు. బాత్రూముకి సరిపడా కొలిపించి తెచ్చింది నీ కూతురు. నువ్వు వంటింట్లో అడుగు పెట్టి ఎన్నాళ్ళయింది? ఉప్పెక్కువైందని వంకలు పెట్టడం కూడా మంచం మీంచేగా!

గొట్టం తీసేసి వెళ్ళావా? మళ్ళీ తల ఊపుతున్నావా! గొట్టం తీస్తే ఆ తలుపు దాకా నడవలేవు నువ్వు. పైగా నీ పక్కనే కూర్చుని చదువుతున్నాను నేను. మధ్యలో లేచింది నేనే. ఎందుకు లేచాను? కళ్ళజోడు కోసమా? అది నా ముక్కు మీదే ఉందిగా, లేకపోతే ఎలా చదివాను?

బాత్రూములో స్టూలు వేసి ఉంది. దాని మీద నీ తువ్వాలు, షాంపూ సీసా. పొద్దున చూసి, ఇవి ఎవరు పెట్టారబ్బా అనుకున్నాను. నీ కూతురు నన్ను పరీక్షించడానికి పెట్టిందేమోనని కూడా అనుకున్నాను. కాదు. నీ తల జిడ్డుగా ఉందని నువ్వు మొన్నటి నుంచి గొణుగుతున్నావు. నీ తలస్నానానికని హీటరు వేసింది నేనే అయ్యుంటాను.

చెయ్యి వదులు చిన్నీ. ఏడవకు, ముక్కు మూసుకుపోతుంది.

నన్ను పంపేస్తారనేగా ఈ అబద్ధం? నాకు తెలుసు. నాకూ ఆడాలనే ఉంది. నువ్వు వేశావనేస్తే నీ కూతురు నీ మీద ఒక్క కసురు కసిరి ఊరుకుంటుంది. కానీ నీలంగా మారిన నీ పెదాలు నువ్వు చూసుకోలేదు. నేను చూశాను.

హలో... అమ్మాయీ, పెద్దమ్మనే. ఆఁ, అమ్మ బాగానే ఉంది, నా చెయ్యి పట్టుకుని లాగుతోంది. అది కాదమ్మా, నిన్న హీటరు వేసింది నేనే. లేదు, అమ్మ కాదు, అదేం చెప్పినా నమ్మకు. లేదు తల్లీ, వేసినట్టు నాకేం గుర్తులేదు. గుర్తులేదు గనకే చెబుతున్నాను.