పదిహేడో పట్టీలో పిల్ల

సెప్పి బడాయి కొట్టని ఆదివారం ఆ అల్సాస్ పల్లెలో ఎవరూ ఎరగరు. చర్చి గంట ఆగిందో లేదో సలోమీ వైను కొట్టు అరుగు మీద చేరిపోతాడు. జమీందార్ల హాళ్ళలో గోడలకి బొమ్మల కాగితం అంటించడం అతని పని. ఎన్నడూ చూడని దేశాల ఏనుగుల్నీ, తాటిచెట్లనీ ఆ ఊరి కార్ఖానావాళ్ళు పాతిక పట్టీల మీద అచ్చువేసి ఇస్తే, సెప్పి మోసుకెళ్ళి నాలుగు గోడల మీదా అంటించి వస్తాడు. ఆ వేళ రైన్ నది మీంచి లేచిన మంచు ఎదురింటిని కూడా మింగేసింది.

మూల బల్ల దగ్గర దీబోల్ట్ ముసలాయన కూర్చున్నాడు. ఆ కాగితాలకి చెక్క అచ్చులు చెక్కింది ఆయనే. ఇప్పుడు కళ్ళు పోయాయి. ఇండియా బొమ్మల కాగితం పదిహేడో పట్టీలో, నది ఒడ్డున నిలబడ్డ పిల్లకి, కార్ఖానా యజమానికి చెప్పకుండా తన కూతురు ఒడీల్ మొహం పెట్టాడు. ఒడీల్ అంతకు ముందే జ్వరంతో పోయింది. ఆ మొహం సంగతి యజమానికి తప్ప ఊరందరికీ తెలుసు. కిందటేడు ఆ అచ్చుల్ని చిత్రిక పట్టి చదును చేసి వేరే బొమ్మకి వాడేశారు. అమ్ముడైన కాగితాల్లో ఒక్కటి తప్ప అన్నీ సముద్రం దాటిపోయాయి. ఆ ఆఖరిది సెప్పియే తీసుకెళ్ళి వోజ్ కొండల అవతల ఓ దొరగారింట్లో అంటించాడు. ముసలాయనకి బిడ్డంటూ మిగిలిందంటే ఆ గోడ మీదే. అందుకే ఆ గోడ సంగతి చెప్పమని అడిగాడు.

"ఏముంది పెద్దాయనా, ఇంకొకడైతే పది రోజులు తీసుకునేవాడు, నేను మూడు రోజుల్లో ముగించా. రెండోరోజు పొద్దున చూద్దును గదా, అంటించిన నదిలో నీళ్ళు కదుల్తున్నాయి. తడి జిగురేమోలే అనుకుని వేలు పెట్టా. చల్లగా ఉంది, పైగా లోపలికి లాగుతోంది."

పొద్దున్నే ఎంత పట్టించావని ఎవరో అడిగారు. అరుగంతా నవ్వింది.

"నవ్వండి నవ్వండి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చెక్కనేల మీద తడి అడుగులు! ఒక్కోటి పీపా మూతంత. దొరగారి కుక్క గడప దాటి రానంది, అక్కడే పడుకుని మూలిగింది. మూడోనాడు చెట్లల్లోంచి నన్ను పేరు పెట్టి పిలిచారు, మా అమ్మ పిలిచినట్టే. ఆగలేక మోకాలిదాకా నదిలో దిగి నడిచా. వెనక్కి తిరిగి చూస్తే ఆ హాలూ, నా నిచ్చెనా, నా జిగురు బకెట్టూ, అన్నీ చదునుగా, గోడ మీద బొమ్మల్లా ఉన్నాయి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. సలోమీ గ్లాసులో పోస్తున్నది ఆపేసింది. ఆ నది ఒడ్డున పిల్ల కనబడిందా అని దీబోల్ట్ మెల్లిగా అడిగాడు.

ఎన్నడూ మాటకి తడుముకోని సెప్పి తడుముకున్నాడు.

"కనబడకేం? నేను తిరిగొస్తుంటే నాతోపాటే దిగొచ్చింది. పాదాల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఎవరి వంకా చూళ్ళేదు. నిలబడ్డ చోటు నుంచి నిలబడ్డట్టే తిన్నగా బయటికి నడిచి మంచులో కలిసిపోయింది. ఇప్పుడు ఆ చోట బొమ్మ లేదు, ఒట్టు. కొండ దిగి వస్తుంటే గొర్రెలవాళ్ళు చూశారట. ఇటే వస్తోందట పెద్దాయనా, ఇంటికి."

సలోమీ శిలువ గుర్తు వేసుకుంది.  ముసలాయన వీధిలోకి చెవి పెట్టాడు. రాళ్ళ మీద తడి కాళ్ళ చప్పుడు వినిపిస్తుందేమోనని నిజంగానే ఆశపడ్డాడు. కానీ నలభై ఏళ్ళు ఆ పనిలో ఉన్నవాడు. తలుపు అడ్డొచ్చిన చోట కాగితం కత్తిరించి పారేస్తారని ఆయనకి తెలుసు. ఒళ్ళు దాచుకోనివాడైతే ముందే కొలుచుకుని, మనుషుల బొమ్మలు పోకుండా పట్టీలు జరుపుకుంటాడు.

"నిలబడ్డ చోటు నుంచే బయటికి నడిచిందా?"

"అవును."

"అయితే తలుపు అక్కడే ఉందన్నమాట."

సెప్పి గ్లాసు పక్కకి జరిపాడు. 

"మూడు రోజుల్లో ముగిస్తానని పందెం కాశాను," అన్నాడు. "కొలుచుకోకుండా తప్పు మూల నుంచి మొదలెట్టా. ఆ పట్టీ దగ్గరికొచ్చేసరికి తలుపుంది. సాయంత్రం జిగురు కాచడానికి ఆ ముక్కలే పొయ్యిలో పెట్టా."

"మొహం కూడానా?"

"కూడా. చెయ్యొకటి మిగిలింది, తలుపు చట్రం పక్కన. మణికట్టు దాకా."

దీబోల్ట్ బల్ల మీద వేళ్ళు కదిపాడు. 

"ఆ అచ్చు రంగు కాగితం మీద మందంగా పడుతుంది. తడిమితే తెలుస్తుంది. నన్నక్కడికి తీసుకెళ్ళు."

సెప్పి తలూపాడు. ముసలాయనకి అది కనబడదని గుర్తొచ్చి, "తీసుకెళ్తాను," అన్నాడు.