పాట కింద పేరు

హలో… ఆ, నేనేరా అఫ్రాజ్, ఖాలిక్‌ని. నీకే చేద్దామని సెల్ తీశా, ఇంతలో నువ్వే చేశావు…

ఎక్కడున్నావ్?… గవర్నర్‌పేటలోనే ఉన్నావా, ఆ కంప్యూటర్ షాపులో?… సరే. ముందు నేను చెప్పేది విను.

వినరా బాబూ. గ్రాఫిక్స్ కార్డు సంగతి తర్వాత…

అబ్బో. ఆట ఎక్కడా ఆగకుండా పోతోందా? చాలా సంతోషం. అప్‌గ్రేడ్ సరిగ్గా అయిందో లేదో తెలియాలంటే ముందు ఆటే ఎక్కించాలా? మిక్సింగ్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి చూడకూడదూ?…

తెలుసు, మన ఒప్పందం నాకు తెలుసు. పగలు నా పెళ్ళి వీడియోల మిక్సింగ్, సాయంత్రం నీ ఆటల యుద్ధాలు. కాదన్నానా? బోర్డు, ర్యామ్, అన్నీ నువ్వు చెప్పినవే వేయించమన్నాగా…

అరే, ఆపు. ఒక్కటి చెప్పు. పాత హార్డ్ డిస్క్ ఏదీ?…

అదే, మన పాత సీపీయూలోది…

నీ దగ్గరుందా, షాపాయన దగ్గరుందా?…

ఎక్స్చేంజా! ఇచ్చేశావా?… అఫ్రాజ్, నిజం చెప్పు…

హమ్మయ్య. ఇస్తానన్నావు గానీ ఇంకా ఇవ్వలేదు. ప్రాణం పోయిందిరా నాకు. తీసుకో. నేను లైన్లో ఉండగానే తీసుకో… బల్ల మీద ఉంటే కాదు, చేతిలోకి తీసుకో…

ఆ. ఇక వదలకు.

— ఏం కాలేదండీ టీచర్ గారూ. భద్రంగానే ఉందంట. కూర్చోండి, కూర్చోండి. ఆ ఫ్యాను అమ్మగారి వైపు తిప్పండి, చెమటలు పట్టేశాయి…

ఎవరా? జ్ఞానేశ్వరి టీచర్ గారు, ఉయ్యూరు నుంచి… అదేరా, మాఘమాసంలో వాళ్ళ చెల్లెలి పెళ్ళి వీడియో మనమే చేశాం. మండపానికి అరటిచెట్లతో పాటు చెరుకుగడలు కూడా కట్టారు చూడు… ఆ, ఆ పెళ్ళే. టీచర్ గారూ, వాళ్ళమ్మ లక్ష్మీనరసమ్మ గారూ ఇద్దరూ వచ్చారు. ల్యాబులో నా ఎదురుగానే ఉన్నారు. మానిటర్ ముందు కుర్చీలేసి కూర్చోబెట్టా. తీరా కింద చూస్తే సీపీయూ లేదు, వైర్లు వేలాడుతున్నాయి…

పొద్దున్నే ఎత్తుకుపోయావని నాకేం తెలుసు! రేపు తీసుకెళ్తానన్నావుగా?… మీ అక్కతో చెప్పావా? మీ అక్క నాకు చెప్పలేదే…

వద్దు, ఉర్దూ వద్దు. తెలుగులోనే చెప్తా. వాళ్ళ ఎదురుగా మనం ఉర్దూలోకి దిగితే ఏదో దాస్తున్నామనుకుంటారు.

కోటేశ్వరరావు గారు పోయారురా… పెళ్ళికూతురి నాన్న. పొడుగు మనిషి, తెల్లచొక్కా. కెమెరా కనపడితే చాలు, స్తంభం చాటుకి తప్పుకునేవారు… ఆ, ఆయనే. శ్రావణంలో పోయారంట. గుండెపోటు…

మనకి ఎవరు చెప్తారు. పెళ్ళి వీడియో ఇచ్చేశాక ఆ ఇంట్లో ఏం జరిగిందో మనకేం తెలుస్తుంది.

అమ్మగారు ఆయన పోయాక గుమ్మం దాటి రావడం ఇదే మొదలంట. బస్సు దిగి, వన్ టౌన్ రద్దీలో నడిచి, మన మెట్లెక్కి వచ్చారు. ఆ మెట్లెక్కితే మనకే ఆయాసం…

ఫోటో కాదు. ఫోటోలు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. ఆయన మాట కావాలి.

చెప్తా విను. మండపం నుంచి ఇంటికొచ్చాక కొత్త జంటని గుమ్మంలో ఆపి పేర్లు చెప్పించారు కదా… ఆ, మామూలే, వాళ్ళ ప్రతి పెళ్ళిలో ఉండేదే. జంట పేర్లు చెప్పి లోపలికెళ్ళారు. వెనకాల కోటేశ్వరరావు గారు వస్తుంటే ఆయన చెల్లెళ్ళు ఆయన్నీ అడ్డుకున్నారంట. ‘అన్నయ్యా, ఇన్నేళ్ళొచ్చినా వదిన పేరు నీ నోటెంట వినలేదు, చెప్తేగానీ కదలనివ్వం’ అని…

నిజంగానే ఎప్పుడూ పిలవలేదంట. ‘ఇదిగో’ అనేవారు. లేకపోతే ‘ఎక్కడున్నావ్’. అంతే…

ఏంటి? మీ అక్కతో నేనూ అంతేనా? నా సంగతి ఇప్పుడెందుకురా. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ ముందు ఎవరు పేరు పెట్టి పిలుస్తారు…

అడ్డం రాకు. ఆ వేళ ఆయన చెప్పారంట. పైకే చెప్పారంట. అందరూ గొల్లుమన్నారంట. ఈవిడ ఒక్కరే వినలేదు. లోపల గదిలో సారె సర్దుతున్నారు. అందరూ పరిగెత్తుకొచ్చి ‘నీ పేరు చెప్పాడే’ అని ఒకటే గోల. రాత్రికి ఆయన్ని అడిగితే, ‘నేనా? లేదే’ అన్నారంట…

నవ్వొస్తుంది కదా. ఆవిడా నవ్వుకున్నారంట. ఎక్కడికి పోతుంది, వీడియో వచ్చాక వింటానులే అనుకున్నారంట. వీడియో వచ్చింది. సరిగ్గా ఆయన నోరు తెరిచే చోట… డ్యూయెట్.

ఆ. మనం వేసిందే. నువ్వు పైనుంచి పూలరేకులు కూడా రాల్చావు.

ఏమంటారు, ఏమీ అనలేదు. అదే కష్టంగా ఉంది నాకు. తిట్టినా బాగుండేది. ఆయన పోయినప్పటి నుంచి రోజూ అది పెట్టించుకుని చూస్తున్నారంట. పెదాలు కదులుతాయి, పాట వినపడుతుంది. అందుకే టీచర్ గారు నిన్న ఫోన్ చేసి అడిగారు, పాట లేకుండా ఉంటుందా అని. ఉంటుందండి, మా డిస్కులో అసలుది అలాగే ఉంది, అమ్మగార్ని తీసుకురండి, వినిపిస్తా అన్నా. మాటిచ్చేశా.

క్యాసెట్టా? ఎందుకైనా మంచిదని మన కెమెరా బసవయ్య గారికి పొద్దున్నే చేశా, హనుమాన్ జంక్షన్‌కి. ‘కంప్యూటర్లోకి ఎక్కించుకోగానే నా క్యాసెట్లు నాకిచ్చేస్తావు కదయ్యా, వాటి మీద ఎన్ని పెళ్ళిళ్ళు తీసుంటానో’ అన్నాడు. ఆయన తప్పేముంది. కెమెరా వాళ్ళందరూ చేసేదే. ముహూర్తాలప్పుడు ఎవరు కొత్త క్యాసెట్లు కొంటారు…

అందుకే చెప్తున్నా. ఇప్పుడు ఆయన గొంతు ఉంటే నీ చేతిలో ఉన్న ఆ డిస్కులోనే ఉంది. తగిలించు. ఆ ఆట మూసేసి తగిలించు.

— పెడుతున్నాడండి అమ్మగారూ. మా బామ్మర్ది అఫ్రాజ్. పిల్లాడు పనిమంతుడే… ఎందుకండీ, సీపీయూ వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఫోన్ స్పీకర్ దగ్గర పెట్టిస్తా, మీరు ఇక్కడే విందురుగాని.

త్వరగా కానీరా. ఆవిడ అప్పుడే చెవి మీద కొంగు తీసేసి కూర్చున్నారు.

ఉయ్యూరు అని ఫోల్డరు ఉంటుంది… ఉందా? దాంట్లో గుమ్మం అని చూడు. అన్నీ విడివిడిగా పెట్టా, తాళిబొట్టు, తలంబ్రాలు, భోజనాలు…

వచ్చిందా! — బొమ్మ వచ్చిందండి టీచర్ గారూ! — జంట లోపలికెళ్ళిపోయారా?… ఆయన కనపడ్డారా? చెల్లెళ్ళు చేతులు అడ్డం పెట్టారా?… అదే, అదే! కాస్త వెనక్కి తిప్పు. సెల్లు స్పీకర్‌కి ఆనించి పెట్టు. ఆగు, అమ్మగారికిస్తున్నా.

— ఇదిగోండమ్మా. ఇలా పట్టుకోండి. ఆ, చెవికి ఆనించండి…

…

…

— ఏమీ లేదా? గుర్‌మని కూడా లేదా?… ఇలా ఇవ్వండి ఒకసారి.

అఫ్రాజ్, పెట్టావా?… అయిపోయిందా? ఇక్కడ చిటుక్కుమన్న శబ్దం కూడా వినపడలేదు. వాల్యూమ్ చూడు… వైరు చూడు. కొత్త బోర్డు కదా, సౌండ్ డ్రైవర్ ఎక్కించావా?…

ఆటలో వస్తోందా?… తుపాకులన్నీ మోగుతున్నాయా…

సరే, ఇంకోటి పెట్టు. తాళిబొట్టు పెట్టు… లేదా?… భోజనాలు?…

అదీ లేదా.

— ఒక్క నిమిషం టీచర్ గారూ. లోపల సిగ్నల్ సరిగ్గా అందట్లేదు. బయట నుంచుని మాట్లాడొస్తా.

ఇప్పుడు చెప్పు. వరండాలోకి వచ్చా. కింద తోపుడుబళ్ళ గోల, కాస్త గట్టిగా చెప్పు… అసలు సౌండే ఎక్కలేదంటే ఏంట్రా? క్యాసెట్ నుంచి కంప్యూటర్లోకి క్యాప్చర్ చేసింది నువ్వేగా! నీ ఆటలకి జాగా కావాలని ఆ సౌండ్ టిక్కు తీసేశావు కదూ? ఎన్నిసార్లు చెప్పా, నా పని జోలికి రాకు అని…

నేనా?…

నేను చెప్పానా?…

…

ఆ. గుర్తొచ్చింది.

మాటిమాటికీ ఆగిపోయింది ఆ వేళ. బొమ్మా మాటా రెండూ ఎక్కిస్తే ఆ ముసలి మెషీన్ మోయలేకపోయింది. మనిషి నోరు మూశాక మాట వచ్చేది. విసుగొచ్చి నేనే అన్నా… ఎలాగూ పాటలేగా వేసేది, సౌండ్ తీసి పారేయ్ అని. అన్నాను. నువ్వు చెప్పింది చేశావు.

ఎవరూ ఎప్పుడూ అడగలేదురా. తాళి కట్టేటప్పుడు మేళం కూడా మన సీడీలోదే కదా. బందరు పెళ్ళికైనా గుడివాడ పెళ్ళికైనా ఒకటే మేళం. ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు ఇది మా మేళం కాదే అనలేదు…

అవును, నువ్వు అప్పుడే అన్నావు, మెషీన్ మార్చేద్దామని. సీజన్ అయిపోనీ అన్నా. ఇప్పుడు మార్చాం. బొమ్మతో పాటు మాట కూడా ఎక్కించుకునే మెషీన్ వచ్చింది. ఎక్కించడానికి ఆయన ఏరీ?…

ఏంటి?… ఏమన్నావ్?…

ఎవరి గొంతు?…

ఒక్క పేరేగా అంటావా. ఎవరో పెద్దాయన చేత చెప్పించి, ఆయన పెదాలకి కలిపేసి, కాస్త గోల కలిపితే… చేయగలవు. నాకు తెలుసు, తేడా తెలియకుండా చేయగలవు.

…

ఆగు. ఆలోచించనీ.

సంతోషంగా మెట్లు దిగుతారు. నిజమే. నేనూ బతికిపోతా.

…

వద్దురా. ఆవిడ ఆ గొంతుతో కాపురం చేసింది. నోరు తెరవగానే పట్టేస్తుంది.

పట్టుకోకపోతే? పట్టుకోకపోతే ఇంకా పాపం. ఎవడో పరాయివాడు పిలిచిన పిలుపుని ఆయనదే అనుకుని రోజూ వింటుంది. వద్దు, ఆ మాట మళ్ళీ అనకు.

భయంగా ఉంది అఫ్రాజ్. లోపలికెళ్ళి చెప్పేస్తా. కట్ చేయకు. లైన్లోనే ఉండు…

— అమ్మగారూ… లేవకండి, కూర్చోండి. టీచర్ గారూ, మీరు కూడా. బొమ్మ ఉందండి. చక్కగా ఉంది. మాట లేదు…

పాడైపోవడం కాదమ్మా. అసలు ఎక్కించనేలేదు. మా పాత కంప్యూటర్ మోయలేకపోతోందని నేనే వద్దన్నా. పాటలు వేస్తాం కదా, మాటలెందుకులే అనుకున్నా…

లేదండి. క్యాసెట్ మీద కూడా వేరే పెళ్ళిళ్ళు తీసేశారు…

ఎక్కడా లేదండి టీచర్ గారూ. ఉంటే నేను ఇలా ఎందుకు నిలబడతా మీ ముందు… అనండి. మీరు ఎంతన్నా తక్కువే. నిన్న మీకు మాటివ్వక ముందు చూసుకోవాల్సింది. అమ్మగార్ని ఇంత దూరం రప్పించా…

…

— మంచినీళ్ళు తాగండమ్మా.

అఫ్రాజ్… ఉన్నావా?… చెప్పేశా. టీచర్ గారు ఏడుస్తున్నారు. అమ్మగారు ఏడవట్లేదు. ఆ ఖాళీ మానిటర్ వంకే చూస్తున్నారు. నాకేం చేయాలో పాలుపోవట్లేదురా…

— ఏంటమ్మా? చెప్పండి, నాకు వినపడలేదు… పాటా? ఆ గుమ్మం దగ్గర పాటేనా? తీసేయొచ్చమ్మా, అదెంత పని. దాని బదులు ఏం వేయమంటారు? మేళం వేయనా?…

ఏమీ వద్దా?…

ఖాళీగానా?…

…

అలాగేనమ్మా. అలాగే చేస్తా.

అఫ్రాజ్, విను. ఆ గుమ్మం దగ్గర డ్యూయెట్ తీసెయ్. ఆయన్ని ఆపిన దగ్గర్నుంచి అందరూ నవ్వేదాకా. ఆ పూలరేకులు కూడా తీసెయ్, మొహానికి అడ్డం. కాస్త మెల్లగా నడిపించు, మొహం దగ్గరికి లాగు. పాతదైతే దానికే తెల్లారేది, ఇప్పుడు చేస్తుందిగా?… మిగతా పాటలు ఉంటే ఉండనీ…

ఏం వేయకు అంటున్నాగా. చిన్న శబ్దం కూడా వద్దు…

వీడియో పాడైందనుకుంటారా? అనుకోనీ. చూసేది ఆవిడ.

ఎందుకంటే… ఏమన్నారో చెప్పనా. ‘గొంతు నాకు తెలుసు బాబూ. పేరు నాదే. రెండూ నేను కలుపుకుంటాను. పాట అడ్డం లేకుండా చూడు చాలు’ అన్నారు.

…

అంతేరా, ఇంకేం అడగలేదు…

సరే. అన్నీ సర్దుకుని ఆటోలో వచ్చెయ్. డిస్కు ఒళ్ళో పెట్టుకో. వాళ్ళు ఇక్కడే కూర్చుంటామన్నారు, చేసి చేతికిచ్చాకే పంపిద్దాం… ఆట ఎవరొద్దన్నారు, సాయంత్రం ఆడుకో. రేపటి పెళ్ళికి మాత్రం ఆ సౌండ్ టిక్కు తీశావో, ఊరుకోను…

అన్నట్టు, బయల్దేరే ముందు ఇంటికో ఫోన్ కొట్టు. నేను అన్నానికి రావడం ఆలస్యమవుతుందని చెప్పు…

ఎవరికేంటి. జరీనాకి…

ఆ. జరీనాకే. అందులో అంత ఆశ్చర్యం ఏముందిరా?… సరే సరే, వచ్చెయ్. ఉంటా.