అతుకు లేని చోట పట్టీ

కిర్రుమని మేకు ఊడింది. కాసేపటికి ఇంకొకటి. 1984, ఏప్రిల్ నెల శనివారం. డల్లాస్ శివారు కాపెల్‌లో, తయారుగా తెచ్చి దింపిన ఒక మొబైల్ హోమ్. పుట్టబోయే బిడ్డ గదికి రంగు వెయ్యాలని, ఏడో నెల కడుపుతో జయంతి గోడ పట్టీలు పీకుతోంది. ఆమె భర్త దామోదర్ పెయింట్ డబ్బాతో గుమ్మంలో ఆగిపోయాడు.

“అది వదిలెయ్ జయంతీ. ఆ ఒక్కటీ పీకకు.”

“పెయింట్ షాపాయన చెప్పాడుగా. ఇవి గోడలు కావు, పువ్వుల కాగితం అంటించిన ప్యానెళ్ళు. పట్టీలన్నీ తియ్యాలి, తుడవాలి, ప్రైమర్ కొట్టాలి. ఆ తరవాతే పెయింట్ అని.”

“దాని మీదే వేసేద్దాం. ఎవరు చూడొచ్చారు?”

“అసలు పట్టీ ఎందుకు కొడతారండీ?”

“ప్యానెల్‌కీ ప్యానెల్‌కీ మధ్య అతుకు కనపడకుండా.”

“ఇదిగో, ఊడొచ్చేసింది. దీని కింద అతుకు లేదే.”

“కొట్టినవాడు పొరపాటు పడ్డాడేమో.”

“నాలుగడుగులకొకటి చొప్పున ఇల్లంతా కొట్టినవాడు, ఇక్కడ రెండో అడుగులో పొరపాటు పడ్డాడా? మిగతా మేకులకి గోడ రంగుంది. వీటికి లేదు. మన డ్రాయర్లో ఉన్న మేకులే ఇవి.”

“ఎండగా ఉంది. కాసేపు కూచో, మంచినీళ్ళు తెస్తాను.”

“తాగాను. ఈ పట్టీ కింద పెన్సిల్ గీతలున్నాయి.”

“అవా... ముందున్నవాళ్ళ పిల్లలవి అయ్యుంటాయి. ఇక్కడివాళ్ళు పిల్లల ఎత్తు ఏటేటా గోడ మీద అలాగే గీస్తారు.”

“ముందున్నది ముసలి దంపతులన్నారు.”

“మనవలుండరా?”

“ఉంటారు. వాళ్ళ వయసు తెలుగులో రాసుకుంటారా? ఒకటి నిండింది. రెండు నిండాయి. మూడు నిండాయి, చెప్పులు లేకుండా. మీరు నాకు రాసిన ఉత్తరాలన్నీ ఈ చేతిరాతేనండీ.”

“డబ్బా కింద పెట్టనీ.”

“పెట్టండి.”

“గ్రీన్‌కార్డు కాగితాల కోసం పెళ్ళి చేసుకున్నాను. సెవెంటీ సెవెన్‌లో. వీసా అయిపోతోంది, షెర్లీ అని ఇక్కడమ్మాయి సరేనంది. మీ ఇంట్లో చెబుదామనే అనుకున్నాను.”

“కాగితాల కోసం చేసుకుంటే పిల్ల ఎలా పుట్టింది?”

“మొదట కాగితాల కోసమే.”

“తరవాత?”

“తరవాత కాపురం.”

“పిల్ల ఇప్పుడెక్కడుంది?”

“ఆరిగన్ రాష్ట్రంలో ఎక్కడో. డివోర్స్ అయ్యాక వాళ్ళమ్మ తీసుకుపోయింది. ఎడ్రస్ ఇవ్వలేదు. నేను చెప్పులు లేకుండా నిలబెట్టి ఆ మూడో గీత గీసింది ఆ వారమే.”

“నేను వచ్చేలోగా పెయింట్ వేసేస్తే పోయేదిగా. పట్టీ ఎందుకు?”

“వేద్దామనే బ్రష్ పట్టుకున్నాను. చెయ్యి రాలేదు.”

“నాకు కనపడకుండా దాచారు, మీకు పోకుండా ఉంచుకున్నారు. ఒక్క పట్టీతో రెండు పనులు.”

“తప్పే. ఒప్పుకుంటున్నాను. నేనే ప్రైమర్ కొట్టేస్తాను. ఆ బ్రష్ ఇటివ్వు.”

“పేరు రాయలేదేం?”

“ఉన్నది ఒక్కర్తే కదా, పేరెందుకని.”

“ఏం పేరు?”

“ఇప్పుడవన్నీ ఎందుకు జయంతీ?”

“మనకి ఆడపిల్లయితే పెట్టాల్సిన పేరని చీటీ రాసి దేవుడి పటం వెనక పెట్టారు మీరు. మా అమ్మమ్మ పేరు పెడదామంటే వినలేదు. పుట్టకముందు పైకి అనకూడదని ఇద్దరం ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు. రోజూ దీపం పెట్టి ఆ చీటీకి కూడా దణ్ణం పెట్టుకుంటున్నాను నేను.”

“అది వేరు...”

“ఈ గోడ మీది పిల్ల పేరేమిటండీ?”

“నీకు తెలుసు. చీటీ చదివావుగా.”

“నా నోటితో నేననను. కడుపులో ఉన్నది కూడా వింటుంది, మీరే అనండి.”

“రేణు.”