పచ్చిక కింద ఎలుకలు

ఎడారి దేశంలో, అల్ ఘర్రాఫాలో ఒక విల్లా. గోదావరి వైపు వంటమనిషి, అనంతపురం తోటమాలి పచ్చికలో లేచిన మట్టిదిబ్బల దగ్గర నిలబడ్డారు. పక్కన కొళాయి గొట్టంలోంచి నీళ్లు పారుతున్నాయి.

“తమ్ముడూ, రేపు ఎలకల మందు పెట్టించేస్తానంటోంది మేడం. పిల్లలు దొర్లే గడ్డి ఇది.”

“మందొద్దక్కా. మా ఊర్లో మాదిరి బొక్కల్లో పొగ పెడతా.”

“పొగకి ఇవాళ పోతాయి, ఎల్లుండి వస్తాయి. పక్క విల్లాలోనూ గడ్డి ఉంది కదా, ఇక్కడికే ఎందుకొచ్చాయి?”

“ఆడ మన్ను గట్టిగుంది. మనది మెత్తన, తవ్వేకి సులువు. వేర్లూ పచ్చిగుంటాయి.”

“మెత్తగా ఎందుకుంది?”

“పొద్దున నీళ్లు పెడతా. సాయంత్రం మళ్లీ పెడతా.”

“రెండు పూటలూ పెట్టమని ఎవరన్నారు?”

“ఎవరూ అన్ల్యా. మా ఊర్లో బిందెడు నీళ్లకు కొట్లాడుకుంటిమి. ఈడ తిప్పితే చాలు, వస్తాండాయి. పోయిన నెల జాబు బదులు క్యాసెట్లో మా ఆడమనిషికి ఈ నీళ్ల చప్పుడే నింపి పంపిస్తి.”

“రోజు విడిచి రోజు పెట్టు. నేల ఆరితే అవే పోతాయి. మందు వద్దని మేడంకి నేను చెబుతాను. ముందా కొళాయి కట్టెయ్.”

“నువ్వే కట్టెయ్యక్కా. నాకు చేతులు రావు.”